రాత్రి మోగిన ప్రతి అలారానికీ నేనే బాధ్యుడినా?

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక కర్మాగారం టౌన్‌షిప్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినవారినీ సంస్థనూ గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయన సొంతూరు పార్వతీపురం వైపు. కర్మాగారానికీ టౌన్‌షిప్‌కూ కలిపి ఉన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజి, అంటే ఈపీఏబీఎక్స్, చూసుకునే టెక్నీషియన్. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నవారు ఆయన భార్యకు స్వయానా మేనమామ. పని నేర్పిందీ ఆ పెద్దాయనే, పిల్లనిప్పించిందీ ఆయనే. రిటైరై రాయగడలోనే ఉంటున్నారు. ఎక్స్ఛేంజిలో ఏ చిన్న తేడా వచ్చినా బాధ్యుడి ఫోనుకు మెయిలు వచ్చేలా ఏర్పాటు చేసింది ఆయనే. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ మెయిళ్లకు వేళాపాళా లేదు. ఎవరింట్లోనో రిసీవరు సరిగా పెట్టకపోతే ఒకటి. ఒక వీధిలో కరెంటు పోతే అక్కడి ఐపీ ఫోన్లన్నిటికీ, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్లకు, తలా ఒకటి, మళ్లీ కరెంటు వస్తే తలా ఇంకొకటి. అన్నిటికీ ఒకటే మోత. ఇంట్లో ఐదు నెలల బిడ్డ. ఒక రాత్రి జ్వరంతో ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయిన బిడ్డ లేస్తుందని భార్య ఆయన ఫోనును సైలెంట్‌లో పెట్టింది. ఆయనకు చెప్పలేదు. బయటి లోకంతో కలిపే పీఆర్‌ఐ లైను సరిగ్గా ఆ రాత్రే పోయింది. తెల్లవారి ఆరింటికి గానీ ఎవరికీ తెలియలేదు. కల్యాణసింగ్‌పూర్ వైపు పల్లెలో ఒక కాంట్రాక్టు కార్మికుడి తల్లికి బాగాలేక, అంబులెన్సు కోసం టౌన్‌షిప్ డిస్పెన్సరీకి ఎన్నిసార్లు చేసినా కలవలేదు. చివరికి మోటారు సైకిలు మీద తీసుకొచ్చారు. ఆమె కోలుకుంది.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. ‘12వ తేదీ రాత్రి 8:42కే అలారం వచ్చినా మరునాటి ఉదయం వరకు స్పందించలేదు, సంజాయిషీ ఇవ్వండి’ అని. 8:42కు తాను అన్నం తింటూ ఫోను చేతిలోనే పట్టుకున్నాననీ, ఏ మెయిలూ రాలేదనీ ఆయన ఒట్టు వేస్తున్నారు. మెయిలు వచ్చిన సమయం 2:12 అని ఉందట. మెమోతో జతచేసిన ఎక్స్ఛేంజి లాగ్‌లో మాత్రం ‘20:42, ట్రంకు, ఏఐఎస్’ అని స్పష్టంగా ఉంది. ట్రంకు అంటే బయటి లైను. ‘యంత్రం అబద్ధం చెబుతుందా?’ అని మేనేజరు ప్రశ్న. ఈ గొడవ మళ్లీ రాకుండా అలారాలు పంపడం మొత్తం ఆపేయాలనో, లేదంటే విశాఖలోని మెయింటెనెన్స్ కంపెనీకి అప్పగించాలనో ఆ మేనేజరే అంటున్నారు. మామయ్యగారేమో ‘నేను ఇన్నేళ్లూ ప్రతి అలారానికీ లేచాను, నీకేం వచ్చింది’ అంటున్నారు. భార్య తానే ఆఫీసుకు వచ్చి తప్పు తనదని చెబుతానంటోంది. ‘సంజాయిషీలో ఏం రాయాలి? ఎవరి మాట వినాలి? బదిలీ అడిగితే ఈ బాధ వదులుతుందా?’ అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో నాలుగు తగాదాలు ఒక ముడిగా పడిపోయాయి. మెమో ఒకటి, ఇల్లు ఒకటి, మామయ్యగారు ఒకటి, ఎక్స్ఛేంజి అమరిక ఒకటి. మెమోకు గడువు ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడదాం.

మీరే రాసిన రెండు సమయాలను పక్కపక్కన పెట్టి చూడండి. లాగ్‌లో 20:42. మెయిలులో 2:12. మధ్య తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. మన గడియారం గ్రీనిచ్ కాలం కంటే ముందున్నది కూడా సరిగ్గా అంతే. మీ ఎక్స్ఛేంజి లాగ్‌ను యూటీసీలో, అంటే గ్రీనిచ్ కాలంలో రాస్తోందని నాకు దాదాపు నమ్మకం. అక్కడ 12వ తేదీ 20:42 అంటే మన దగ్గర 13వ తేదీ తెల్లవారుజామున 2:12. యంత్రం అబద్ధం చెప్పలేదు. అది చెప్పిన వేళ మన వేళ కాదు, అంతే. ఈ రకం పరికరాల్లో ఇది అరుదేమీ కాదు. అమర్చేటప్పుడు కాలమండలం అడిగిన చోట ఎవరూ ఏమీ నింపకపోతే అది అలాగే ఉండిపోతుంది.

అయితే నా నమ్మకం మీకు సాక్ష్యంగా పనికిరాదు. ఒక పరీక్ష చేయండి. వాడకంలో లేని ఒక ఐపీ ఫోనును, ఇద్దరి ఎదుట, గోడ గడియారం చూసి తీగ పీకండి. లాగ్‌లో ఏ సమయం పడిందో ప్రింటు తీసి ఆ ఇద్దరితో సంతకం పెట్టించండి. తర్వాత కంట్రోల్ రూముకు వెళ్లి ఆ రాత్రి షిఫ్టు వాళ్లు చేత్తో రాసే రిజిస్టరు చూడండి. రాత్రి తొమ్మిదికీ రెండింటికీ మధ్య బయటికి ఒక్క ఫోను చేసినట్టున్నా, బయటి నుంచి ఒక్కటి వచ్చినట్టున్నా, 8:42కే లైను పోయిందనే మాట నిలవదు. ఎక్స్ఛేంజి కాల్ రికార్డులను మాత్రం దీనికి సాక్ష్యంగా చూపకండి. అవి కూడా అదే గడియారంతో నడుస్తుంటే మీకే ఎదురు తిరుగుతాయి. టెలిఫోన్ సంస్థ దగ్గర ఆ లైను ఎప్పుడు పోయిందో వాళ్ల లెక్క వాళ్లకుంటుంది, దాన్ని రాతపూర్వకంగా అడగండి.

దీనితో ఆరోపణలో తొమ్మిది గంటల నిర్లక్ష్యం కాస్తా నాలుగు గంటలకు దిగుతుంది. అదీ అర్ధరాత్రి దాటాక. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోకండి. 2:12కు మెయిలు వచ్చింది, మీరు చూడలేదు. ఆ భాగానికి జవాబు ఇవ్వాల్సిందే.

ఇక్కడే మీ భార్య సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. మెయిలు రాలేదని రాయవచ్చు. అది అబద్ధం, చేరిందో లేదో సర్వరులో పది నిమిషాల్లో తేలుతుంది, ఆ తర్వాత సమయం విషయంలో మీరు చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. భార్య సైలెంట్‌లో పెట్టిందని రాయవచ్చు. నిజమే, కానీ టౌన్‌షిప్‌లో మెమో జవాబు కాగితం మీద ఆగదు, మధ్యాహ్నానికి క్యాంటీనుకూ సాయంత్రానికి క్వార్టర్లకూ చేరుతుంది. రేపు మీ ఇద్దరి మధ్య ఏ చిన్న మాట వచ్చినా ఆ కాగితం గుర్తొస్తుంది. పైగా సంస్థకు ఆమె మీద ఏ అధికారమూ లేదు, ఆమె పేరు అక్కడ చేరి చేసే ఉపకారమూ లేదు. మూడోది, ‘ఆ సమయంలో ఫోను సైలెంట్‌లో ఉంది, మెయిలు ఉదయం చూశాను’ అని రాయడం. ఇందులో దాపరికం లేదు. ఎవరి చేతితో అన్నది మీ ఇంటి విషయం. ఎవరైనా సూటిగా అడిగితే అబద్ధం ఆడకండి, అడగకపోతే మీరుగా ఎత్తకండి. నేనైతే మూడోదే రాస్తాను. ఆమె ఆఫీసుకు రావడం మాత్రం వద్దు. ఆమె అడిగినది క్షమాపణ చెప్పే అవకాశమే అయినా, నాకు ఆ ఉత్తరంలో వినిపించింది వేరు. ఐదు నెలల బిడ్డతో, ప్రతి రాత్రీ ఆ ఫోను పక్కనే పడుకుంటున్న మనిషి ఆమె. ముందు చెప్పకపోవడం తప్పు. ఆ పరిస్థితి మాత్రం ఆమె తెచ్చినది కాదు.

అదే జవాబులో ఒక ప్రశ్న కూడా మర్యాదగా అడగండి. రాత్రివేళ ఎక్స్ఛేంజి అలారాలకు స్పందించే బాధ్యత మీదని రాతపూర్వకమైన ఉత్తర్వు ఉందా? ఉంటే, మీరు సెలవులో ఉన్న రోజు ఆ బాధ్యత ఎవరిది? నాకు తెలిసి చాలా సంస్థల్లో ఇలాంటివి ఉత్తర్వులుగా ఉండవు, అలవాట్లుగా ఉంటాయి. మామయ్యగారు లేచేవారు కాబట్టి ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ లేవాలన్నది అలవాటు. ఈ ప్రశ్నను ఎదురుదాడిలా కాకుండా ‘ఇకముందు ఇలా జరగకుండా’ అనే పేరాలో పెట్టండి. మేనేజరు కూడా పైవాళ్లకు ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా, ఆ పేరా ఆయనకూ పనికొస్తుంది.

ఇక ఎక్స్ఛేంజి సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

ఆ లాగ్‌లోని ‘ఏఐఎస్’ అనే మూడక్షరాలను మెమో రాసినవారు పట్టించుకోలేదు. పీఆర్‌ఐ అంటే సెకనుకు 2.048 మెగాబిట్ల లైను, అందులో ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. ఆ లైను పోవడంలో రకాలున్నాయి. ఎక్స్ఛేంజిలో ఆ లైను తగిలించిన కార్డుకు ఏ సంకేతమూ అందకపోతే ‘ఎల్‌ఓఎస్’ అని వస్తుంది. అంటే మీ గదిలోనే తీగ ఊడిందో, పక్కనున్న టెలిఫోన్ సంస్థ పెట్టెకు కరెంటు పోయిందో చూసుకోవాలి. అటువైపు వాళ్లకు మన సంకేతం అందడం లేదని వాళ్లు మనకు చెబితే ‘ఆర్‌ఏఐ’. ఏఐఎస్ అంటే, మీ గదిలోని పెట్టె బాగానే ఉంది, దాని నుంచి మీ కార్డు దాకా తీగా బాగానే ఉంది, కానీ ఆ పెట్టెకు అవతలి నుంచి ఏమీ రావడం లేదు కాబట్టి అది అసలు సంకేతానికి బదులు వరసగా ‘1’ అంకెలే పంపుతోంది అని అర్థం. సాధారణంగా దారిలో ఎక్కడో ఫైబరు తెగినప్పుడు కనిపించేది ఇదే.

అంటే 2:12కు మీరు లేచి ఉన్నా ఆ ఫైబరును మీరు అతికించలేరు. టెలిఫోన్ సంస్థకు ఫిర్యాదు చేసేవారు, కంట్రోల్ రూముకు చెప్పేవారు, డిస్పెన్సరీలో ఎవరిదైనా మొబైల్ నంబరు నలుగురికీ తెలియజేసేవారు. అవి చిన్న పనులు కావు, ఆ పెద్దావిడ విషయంలో తేడా పడి ఉండేది కూడా. కానీ ఆ మూడూ చేయడానికి ఎక్స్ఛేంజి పని తెలియనక్కర్లేదు, మెలకువగా ఉన్న మనిషి చాలు. కర్మాగారంలో రాత్రంతా మెలకువగా ఉండే మనుషులకు కొదవలేదు.

ఇప్పుడు మేనేజరు చెబుతున్న రెండు మార్గాలు. అలారాలు మొత్తం ఆపేస్తే మీకు నిద్ర దొరుకుతుంది, మెమోలూ రావు. తర్వాతి లైను పోయినప్పుడు కూడా ఎవరికీ తెలియదు, అప్పుడు అడిగేది మిమ్మల్నే. ఆపమన్న మాట నోటిమాటగా ఉంటే ‘ఎవరు ఆపారు’ అన్న ప్రశ్నకు లాగ్‌లో మీ లాగిన్ పేరే కనిపిస్తుంది. ఆపాలనే నిర్ణయిస్తే రాతలో తీసుకోండి.

విశాఖ కంపెనీకి అప్పగిస్తే వాళ్ల దగ్గర రాత్రి షిఫ్టు ఉంటే మంచిదే. కానీ ఒప్పందంలో చూడాల్సిన మాట ఒకటుంది. అలారం చూడటం, స్పందించడం, మనిషిని పంపడం అనేవి మూడు వేరువేరు సేవలు. మొదటిది మాత్రమే కొని మూడూ వచ్చాయనుకుంటే, వాళ్లు 2:15కు మీకే ఫోను చేసి ‘మీ లైను పోయిందండీ’ అంటారు. విశాఖ నుంచి రాయగడకు మనిషి రావాలంటే సగం రోజు పోతుంది. దూరం నుంచి వాళ్లు లోపలికి వచ్చే దారి తెరవాలి, ఆ దారిలో కాపలా సరిగా లేకపోతే మీ ఎక్స్ఛేంజి ద్వారా ఎవరో విదేశాలకు ఫోన్లు చేసుకుంటే బిల్లు సంస్థకు వస్తుంది. మొదట అమర్చినప్పటి పాస్‌వర్డులు, పరికరాలు తమ కబుర్లు పంపే ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతిలో సంకేతపదంగా అందరికీ తెలిసిన ‘పబ్లిక్’ అనే మాట ఇంకా అలాగే ఉన్నాయేమో ఈ చర్చతో సంబంధం లేకుండానే చూసుకోండి.

మీరు అడగని మార్గం ఒకటుంది. అది అమరికను తిరగరాయడం. అన్నిటికంటే శ్రమ ఎక్కువ, మేనేజరుకు వెంటనే చూపించడానికి ఏమీ ఉండదు, అయినా నా మనసు దీనివైపే మొగ్గుతోంది.

వేల్స్‌లోని మిల్‌ఫోర్డ్ హేవెన్ చమురుశుద్ధి కర్మాగారంలో 1994 జూలై 24న పేలుడు జరిగింది. దానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. ముఖ్యమైనది వాటిలోనే ఉంది. వాళ్లది నిర్లక్ష్యమని ఎవరు అనగలరు? ఆ తర్వాత బ్రిటన్‌లో తయారైన మార్గదర్శకాలు, మామూలు రోజుల్లో ఒక ఆపరేటరు ముందుకు పది నిమిషాలకు ఒకటి కంటే ఎక్కువ అలారాలు రాకూడదన్నాయి. అది కూడా ఆ పని మీదే కూర్చుని, మెలకువగా ఉన్న మనిషికి. మీరేమో పగలంతా పనిచేసి ఇంట్లో పడుకున్న మనిషి.

ప్రతి అలారం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి. ఇది రాత్రి రెండింటికి తెలిస్తే ఎవరైనా లేచి చేయగలిగిన పని ఏదైనా ఉందా? బయటి లైన్లన్నీ పోవడం, ముఖ్య ప్రాసెసరు ఆగి రెండోదానికి మారడం, కరెంటు లేక బ్యాటరీ దిగిపోతూ ఉండటం, డిస్పెన్సరీ, అగ్నిమాపక నంబర్లు మూగబోవడం. వీటికి ఉంది. రిసీవరు పక్కన పెట్టిన ఎక్స్‌టెన్షనుకు లేదు, అది లాగ్‌లో పడితే చాలు. ఒక కార్డు చెడిపోయి పదహారు ఇళ్ల ఫోన్లు ఆగితే పొద్దున చూడవచ్చు. అంతర్జాతీయ టెలికం సంఘం 1992లోనే అలారాలకు క్రిటికల్, మేజర్, మైనర్, వార్నింగ్ అని తరగతులు సిఫారసు చేసింది. మీ యంత్రంలోనూ ఏవో అలాంటి తరగతులు ఉంటాయి. కానీ తయారీదారు ‘మేజర్’ అన్నది మీ టౌన్‌షిప్‌కు మేజర్ కానక్కర్లేదు. డిస్పెన్సరీ ఎక్స్‌టెన్షను పోతే యంత్రం దృష్టిలో అది మైనరే.

బ్యాటరీ సంగతి చూడండి. 48 వోల్టుల బ్యాంకులో రెండేసి వోల్టుల సెల్స్ 24 ఉంటాయి, ఛార్జరు మీద ఉన్నంతసేపు 54 వోల్టుల దగ్గర నిలుస్తుంది. కరెంటు పోగానే లేపనక్కర్లేదు, రాయగడలో గాలివానకు కరెంటు పోని వేసవి వారం ఉందా? వోల్టేజి దిగి, ఇంకో గంటలో ఎక్స్ఛేంజి ఆగుతుందనే చోట అలారం పెట్టుకోవాలి. ఆ అంకె పుస్తకంలో కంటే మీ బ్యాంకు వయసులో ఉంటుంది, ఒక సెలవు రోజు లోడు మీద పరీక్షించి నిర్ణయించండి.

పోయి వెంటనే వచ్చే ట్రంకుకు రెండు మూడు నిమిషాల ఆలస్యం పెట్టండి, అప్పటికీ రాకపోతేనే మెయిలు. ఒక వీధి ఐపీ ఫోన్లన్నీ ఒకే నెట్‌వర్క్ స్విచ్చి మీద ఉంటాయి కాబట్టి వాటి అలారాలు ఆపి ఆ స్విచ్చి అలారం ఒక్కటి పంపండి. తప్పు సరైపోయిందనే కబురు కూడా తప్పనిసరిగా వచ్చేలా చూడండి, లేకపోతే పొద్దున ఏది బతికి ఉందో ఏది లేదో తెలియదు.

ఆ కబురు వెళ్లే దారి గురించి కూడా ఆలోచించండి. ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్ అనేది అందిందో లేదో పంపినవాడికి తెలియని ఉత్తరం వంటిది, దారిలో పోతే పోయినట్టే. మీ యంత్రంలో ‘ఇన్‌ఫామ్’ అనే రకం ఉంటే అది వాడండి, అది జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం, రాయగడ జిల్లాలను ముంచినప్పటి వంటి రాత్రి కరెంటూ, ఇంటర్నెట్టూ, ఫోనూ అన్నీ కలిసి పోతే ఏ మెయిలూ రాదు. ఏ మెయిలూ రాని రాత్రి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే రోజూ ఒక నిర్ణీత వేళకు ఎక్స్ఛేంజి ‘ఉన్నాను’ అని ఒక పరీక్ష సందేశం పంపాలి, అది రాని రోజు వెళ్లి చూడాలి.

అన్నిటికంటే చౌకైనది చివరికి మిగిలింది. చాలా ఎక్స్ఛేంజీల వెనక మేజర్ అలారం రాగానే కలిసే రెండు రిలే కొనలుంటాయి. అక్కడి నుంచి ఒక జత తీగ కంట్రోల్ రూముకు లాగి ఒక ఎర్ర దీపం, ఒక బజరు పెడితే ఇంటర్నెట్టుతో పనే లేదు. దీపం పక్కన గోడ మీద ఒక కాగితం అతికించాలి. బజరు మోగితే ముందు ఎవరికి, ఏ మొబైల్ నుంచి ఫోను చేయాలి, పావుగంటలో ఎత్తకపోతే తర్వాత ఎవరికి. అది ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. ఇంగ్లీషులో మాత్రమే ఉంటే రాత్రి షిఫ్టులో ఎందరు చదువుతారో మీకే తెలుసు. దీనికి నష్టం లేకపోలేదు. కంట్రోల్ రూము వాళ్లు తమకు కొత్త పని తగిలించారని గొణుగుతారు, వాళ్ల ఇన్‌ఛార్జి ఒప్పుకోవాలి, దానికి మేనేజరు పూనుకోవాలి. ఎక్స్ఛేంజితో సంబంధం లేని ఒక మొబైల్ డిస్పెన్సరీలో పెట్టి, ఆ నంబరూ 108 కూడా కార్మికుల కుటుంబాలకు ఇవ్వడం దీనితో పాటే అడగండి. అది మీ శాఖ పని కాదనిపించవచ్చు, ఆ రాత్రి జరిగినదానికి అసలైన విరుగుడు మాత్రం అదే.

మామయ్యగారి దగ్గరికి ‘మార్చేస్తున్నాను’ అని వెళ్లకండి. ఇప్పటి అమరిక మొత్తం ప్రింటు తీసి, పెన్ను చేతికిచ్చి, ఏది ఎందుకు పెట్టారో అడగండి. ఆయన హయాంలో లైను ఎలా వచ్చేదో, ఏ వీధి తీగలు పిడుగులకు కాలేవో, ఏ కార్డు మీద అనుమానం ఉండేదో ఆ అంకెల్లో ఉంటుంది. కొన్ని కారణాలు ఇప్పటికీ నిలిచి ఉంటాయి, వాటిని మీరు తెలియక తీసేస్తే దెబ్బ తింటారు. కొన్నిటికి కాలం చెల్లిందని ఆయన నోటితోనే వస్తుంది. రాకపోతే? ఆయన నొచ్చుకోవచ్చు, పండగకు మాట తక్కువ కావచ్చు. ఆ మాత్రం భరించగలరో లేదో మీరూ మీ భార్యా కలిసి తేల్చుకోండి, ఆమె మేనమామ కాబట్టి ఆమె మాటకు అక్కడ బరువు ఎక్కువ. ప్రతి అలారానికీ లేచానన్న ఆయన మాట నిజమే కావచ్చు. అప్పట్లో ఐపీ ఫోన్లు ఉన్నాయా, రాత్రికి ఎన్ని వచ్చేవి అని మాత్రం అడగండి.

బదిలీ అడగడం మీ హక్కు. కానీ మెమో తేలకముందు అడిగితే ఒప్పుకున్నట్టు చదువుతారు. తేలాక అడిగితే అభ్యంతరం లేదు. అమరిక మారిన తర్వాత ఒక వానాకాలం గడిపి, అప్పటికీ ఆ గది మీద మనసు విరిగే ఉంటే వెళ్లిపోండి, మీ తర్వాత వచ్చేవారికి కనీసం చదవదగ్గ జాబితా మిగులుతుంది.

ఈ వారం చేయాల్సింది గడియారం పరీక్ష, కంట్రోల్ రూము రిజిస్టరు నకలు, టెలిఫోన్ సంస్థకు ఉత్తరం. ఎక్స్ఛేంజి గడియారాన్ని మాత్రం మెమో తేలేదాకా సరిచేయకండి. ఇప్పుడు మారిస్తే ఆధారాన్ని మీరే చెరిపినట్టు అవుతుంది.